ఆరో రాత్రి రాని గాయని

1872 నాటి భారత ఒప్పందాల చట్టంలో ఒక గాయని ఉంది. ఆమెకు పేరు లేదు, ఊరు లేదు. చట్టం ఆమెను 'ఏ' అనీ, నాటకశాల యజమానిని 'బి' అనీ పిలిచి ఊరుకుంది. రెండు నెలల పాటు వారానికి రెండు రాత్రులు పాడటానికి ఆమె ఒప్పుకుంది. రాత్రికి నూరు రూపాయలు. ఐదు రాత్రులు పాడింది. ఆరో రాత్రి కావాలనే రాలేదు. ఇప్పుడు యజమాని గతి ఏమిటి?

ఈ ప్రశ్నకు చట్టం మూడు చోట్ల జవాబు చెప్పింది. యజమాని ఒప్పందాన్ని అంతటితో తెంచుకోవచ్చునని 39వ సెక్షను. అయితే ఏడో రాత్రి ఆమె వస్తే, ఆయన పాడనిస్తే, రాజీపడినట్టే లెక్క. అప్పుడిక తెంచుకునే హక్కు ఉండదు, ఆరో రాత్రి నష్టం మాత్రం అడగవచ్చు. తెంచుకున్నా సరే, పాడిన ఐదు రాత్రుల సొమ్ము చెల్లించి తీరాలని 65వ సెక్షను. న్యాయంగా తెంచుకున్నవాడు నష్టపరిహారం కోరవచ్చునని 75వ సెక్షను. జబ్బు చేస్తే సంగతి వేరు. ముందుగా సొమ్ము పుచ్చుకుని ఆరు నెలలు నటిస్తానన్న నటుడు జబ్బుపడి కొన్ని రాత్రులు వేషం కట్టలేకపోతే, ఆ రాత్రుల మేరకు ఒప్పందం చెల్లదని 56వ సెక్షను ఉదాహరణ చెబుతోంది.

దీనికి ముందే 1852లో లండనులో ఒక పేరుమోసిన దావా నడిచింది. జొహాన్నా వాగ్నర్ అనే జర్మన్ గాయని లమ్లీ అనే ఆయన నాటకశాలలో పాడటానికి ఒప్పుకుని, ఎక్కువ సొమ్ముకు ఆశపడి ఇంకొకరి నాటకశాలకు మళ్లింది. ఆమెను తీసుకొచ్చి లమ్లీ దగ్గర పాడించడం కోర్టు చేతిలో లేదనీ, ఇంకోచోట పాడకుండా ఆపడం మాత్రం చేతిలో ఉందనీ న్యాయమూర్తి తేల్చారు. మన దేశంలో 1877 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టంలోకి ఇదే సూత్రం ఒక గాయని ఉదాహరణతో సహా వచ్చింది. 1963 చట్టంలో 42వ సెక్షనుగా ఇప్పటికీ ఉంది.

ఇవన్నీ మర్నాడు పొద్దున పనికొచ్చేవి. గొంతు మీద కోర్టుకు అధికారం లేదు. రాత్రి పది గంటలకు, దీపాలు వెలిగి, జనం చాపలు పరుచుకుని కూర్చున్నాక, రావలసిన మనిషి రాకపోతే ఏం చేయాలో చెప్పే సెక్షను ఏదీ లేదు. ఆ జవాబు కోసం నాటకరంగం చరిత్రనే చూడాలి. మన తెలుగు రంగస్థలం దీనికి ఒకటి కాదు, నాలుగు విధాల ఏర్పాట్లు చేసుకుంది.

మొదటిది మొక్కు. తంజావూరు జిల్లా మెలట్టూరులో ఏటా వైశాఖంలో నృసింహ జయంతికి వేంకటరామశాస్త్రి తెలుగు నాటకాలు ఆడతారు. వాటిలో ముఖ్యమైనది ప్రహ్లాద చరిత్రము. ఊరి బ్రాహ్మణ కుటుంబాల మగవారే ఆడ, మగ పాత్రలన్నీ ధరిస్తారు. పాత్రలు తండ్రి నుంచి కొడుక్కు వచ్చే ఆచారం ఉంది. తమిళమే ఇంటి భాష అయినవారు తెలుగు మాటలను కంఠస్థం చేసి ఆ రాత్రి పలుకుతారు. ఉద్యోగాలకు దూర పట్టణాలకు వెళ్లినవారు సెలవు పెట్టుకుని ఊరు చేరతారు. అక్కడ బయానా లేదు, దావా లేదు. రాకపోతే తప్పేది యజమానికిచ్చిన మాట కాదు, నరసింహస్వామికి చెల్లించవలసిన మొక్కు. తంజావూరు రాజ్యం పోయినా, ఇళ్లలో తెలుగు తగ్గినా, ఆ నాటకం నిలిచిందంటే ఈ కట్టుబాటు వల్లే.

రెండోది కుటుంబం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి నాటక సమాజాల సంగతి పాఠకులకు తెలియనిది కాదు. వనారస గోవిందరావు మొదలుపెట్టిన ఈ సంస్థలో తాత, మనవడు, కోడలు, చంటిబిడ్డ అందరూ నటులే. ఇతర సమాజాల్లో ఆడవేషాలు మగవాళ్లు వేస్తున్న రోజుల్లోనే వాళ్ల ఇంటి ఆడవాళ్లు రంగమెక్కారు. పిల్లలు తెర పక్కన నిద్రపోతూ, నిద్రలేస్తూ అన్ని పాత్రలూ వింటూ పెరుగుతారు. కాబట్టి ఒకరు మంచాన పడితే ఆ వేషం కట్టడానికి ఇంకొకరు ఆ డేరాలోనే ఉంటారు. వీళ్ల ఇంటి భాష ఆరె మరాఠీ అని గుర్తుంచుకుంటే మనలాంటి వారికి మరింత ఆసక్తి కలుగుతుంది. ఇంట్లో ఒక భాష, రంగం మీద మరొక భాష పెట్టుకుని, ఆ రంగం మీది భాషకే వాళ్లు తరతరాలుగా సేవ చేశారు.

మూడోది సమాజం, అంటే ఊరి పెద్దలు, ఉద్యోగులు, వకీళ్లు కలిసి పెట్టుకున్న నాటక సభ. దీనికి పేరెన్నికగన్న చోటు మన బళ్లారే. ధర్మవరం రామకృష్ణమాచార్యుల సరస వినోదినీ సభ, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ అక్కడే పుట్టాయి. వకీలు వృత్తిలో ఉంటూనే బళ్లారి రాఘవ మహానటుడైనది ఆ గాలిలోనే. ఇలాంటి సభల్లో వేషధారులు పక్క వీధుల్లో ఉండేవారు. నెలల తరబడి సాగే రిహార్సళ్లకు చూడవచ్చినవాడికి కూడా సగం నాటకం నోటికి వచ్చేది. ఒకడు రాకపోతే ఇంకొకడిని లేపి నిలబెట్టగలిగే బలం సమాజాలకు అక్కడి నుంచే వచ్చింది.

ఆ బలం ఎంతటిదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1921లో ఒక హరిశ్చంద్ర నాటకానికి చంద్రమతి వేషధారి రాలేదు. ఆ చోట నిలబడటానికి పందొమ్మిదేళ్ల బాపట్ల కుర్రవాడు ఒకడు ముందుకొచ్చాడు. ఆయనే స్థానం నరసింహారావు. తర్వాత తెనాలి శ్రీరామవిలాస సభలో చేరి సత్యభామగా, చిత్రాంగిగా, రోషనారగా, మధురవాణిగా ఆంధ్రదేశాన్ని ఊపిన స్త్రీపాత్రధారి, 1956లో పద్మశ్రీ అందుకున్న నటుడు, మనకు దక్కింది ఒక వేషధారి రాకపోవడం వల్ల. మద్రాసులో 1928లో ఇలాంటిదే జరిగింది. మైలాపూరు కపాలీశ్వరాలయ వసంతోత్సవంలో పాడవలసిన ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ అస్వస్థతతో రాలేకపోతే, ఆ కచేరీ చేసిన యువకుడు జి.ఎన్. బాలసుబ్రహ్మణ్యం. అదే ఆయన తొలి కచేరీ.

ఈ రెండు కథలూ చెప్పుకునేటప్పుడు అదృష్టం అంటూ ఉంటాం. అదృష్టం సగమే. ఖాళీ ఏర్పడిన క్షణానికి అక్కడే పద్యం, పాట, కీర్తన నోటికి వచ్చిన యువకుడు ఒకడు ఉండటం మిగతా సగం. ఆ సగం అదృష్టం కాదు, సాధన.

నాలుగోది కంట్రాక్టు. పేరుమోసిన నటులు సమాజాలు వదిలి, రాత్రికి ఇంత అని మాట్లాడుకుని ఎవరికి వారుగా వెళ్లడం మొదలుపెట్టాక నాటకం తీరు మారింది. కృష్ణుడు ఒక ఊరివాడు, అర్జునుడు మరో ఊరివాడు, హార్మోనియం వాయించే ఆయన ఇంకో ఊరివాడు. ఎవరి బయానా వారిది. సాయంత్రం బండి దిగి, రంగు పూసుకుని, రంగం మీదే ఒకరినొకరు కలుసుకునేవారు. రిహార్సలు లేకుండా అది ఎలా నడిచిందంటే, తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం సత్యహరిశ్చంద్ర అందరికీ ఒక్కటే పాఠం కాబట్టి. ఒకే నాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అంటూ అంకానికి ఒకరిని పెట్టే పద్ధతి కూడా వచ్చింది. అది ప్రధానంగా జనాన్ని రప్పించడానికే. ఒక కృష్ణుడి రైలు తప్పిపోతే రెండో కృష్ణుడు నెట్టుకురావడానికీ పనికొచ్చే ఏర్పాటు అది.

కంట్రాక్టులో ఎగ్గొట్టినది నటులొక్కరే అనడం న్యాయం కాదు. టిక్కెట్ల డబ్బు మూటకట్టుకుని తెర లేవకముందే మాయమైన కంట్రాక్టర్లు ఉన్నారు. దారి ఖర్చులకు లేక తెల్లారేదాకా బస్టాండులో కూర్చున్న నటులు ఉన్నారు. సొమ్ము చేతిలో పడందే ముఖానికి రంగు పూయనని నటులు పట్టుబట్టడం ఆ అనుభవం నేర్పిన పాఠమే. మొక్కు, చుట్టరికం, ఇరుగుపొరుగు మొహమాటం పోయిన చోట బయానా ఒక్కటే మిగిలింది. బయానాకు బలం తక్కువ. ఇంకొకరు రెట్టింపు ఇస్తే అది నిలవదు.

అంతకంటె పెద్ద మార్పు జనంలో వచ్చింది. 1921లో చంద్రమతి వేషధారి రాకపోతే ఇంకొక చంద్రమతిని చూడటానికి జనం ఒప్పుకున్నారు, వాళ్లు వచ్చింది హరిశ్చంద్ర కథ కోసం కనుక. కరపత్రంలో నటుడి పేరే పెద్ద అక్షరాల్లో వేయడం అలవాటయ్యాక, జనం ఆ పేరు కోసం వచ్చారు. ఆ పేరు రాకపోతే ఊళ్లో పద్యం పాడగల కుర్రవాడు ఉన్నా వాడిని రంగం మీదికి రానివ్వరు. రానివ్వకపోతే వాడు నేర్చుకోవడం మానేస్తాడు.

రాష్ట్రానికి బయట ఉన్న మనకు ఈ నష్టం రెట్టింపు. కృష్ణగిరి, హోసూరు, బళ్లారి ప్రాంతాల్లో పండక్కి కళాకారుణ్ణి సరిహద్దు దాటి పిలిపించుకోవాలి. చాలా ఊళ్లలో ఏడాదికి ఒక్క రాత్రే తెలుగు పద్యం మైకులో వినబడుతుంది. ఆ రాత్రి ఆయన రాకపోతే పోయేది బయానా డబ్బు కాదు, ఆ ఏటి తెలుగు. ద్రౌపదమ్మ గుళ్లలో జరిగే భారత ఉత్సవాల్లో ఇంకో చిక్కు ఉంది. పగలు కథ, రాత్రి నాటకం వరుసగా సాగి, దుర్యోధనుడు పడవలసిన రోజున పడాలి. నిప్పులు తొక్కే రోజు ముందే ఖాయం. భీముడు రాలేదని భారతాన్ని వాయిదా వేయలేం.

పేరున్న కళాకారులను పిలవవద్దని కాదు. పిలవాలి, ఒప్పందం కాగితం మీద రాసుకోవాలి, సొమ్ము సకాలంలో ఇవ్వాలి, జబ్బు చేస్తే మన్నించాలి. దానితో పాటు ప్రతి ఊళ్లో, పిలిచిన ప్రతి వేషానికీ ఆ పద్యాలు నోటికి వచ్చిన మన పిల్లవాడిని ఒకడిని సిద్ధం చేసుకోవాలి. ఉత్సవంలో ఒక అంకమైనా వాడికి ఇవ్వాలి. పెద్ద కృష్ణుడు వచ్చిన ఏడాది కూడా ఇవ్వాలి. ఇంటి భాష కాకపోయినా మెలట్టూరు వారు తెలుగును అలాగే కాపాడుకొచ్చారు. ఇంట్లో ఇంకా తెలుగు మాట్లాడుతున్న మనకు అది అంతకంటె కష్టమేమీ కాదు.