వేటకెళ్లేవారికి పిడుదుల నుంచి రక్షణ

మన పల్లెల్లో పశువుల గంగడోళ్ల మడతల్లో, చెవుల లోపల అంటుకుని ఉండే పిడుదులు ఏ కుటుంబానివో, అమెరికా ఈశాన్య రాష్ట్రాల అడవుల్లో వేటగాళ్లను పట్టుకునే నల్లకాళ్ల పిడుదు కూడా ఆ కుటుంబానిదే. జింకల ఒంటి మీద ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి దాన్ని జింక పిడుదు అని కూడా పిలుస్తారు. లైమ్ వ్యాధి, అనాప్లాస్మోసిస్, బెబీసియోసిస్, అరుదుగా పొవాసన్ వైరస్ దీని కాటు వల్ల మనిషికి సోకుతాయి. లైమ్ అన్నది కనెక్టికట్ రాష్ట్రంలోని ఒక చిన్న ఊరు. 1975 ప్రాంతంలో అక్కడి పిల్లల్లో వింతగా కీళ్లవాపులు కనిపించడంతో జబ్బుకు ఆ ఊరి పేరే స్థిరపడింది. దానికి కారణమైన మెలికల సూక్ష్మజీవిని 1981లో విల్లీ బర్గ్‌డార్ఫర్ ఇదే పిడుదు కడుపులో గుర్తించాడు. ఇప్పుడు అమెరికాలో ఏటా సుమారు 4,76,000 మంది లైమ్ వ్యాధికి చికిత్స పొందుతున్నారని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం (సీడీసీ) అంచనా. బెడద ఎక్కువున్న పెన్సిల్వేనియా, న్యూయార్క్, మెయిన్ వంటి రాష్ట్రాల్లో తెల్లతోక జింకల వేట కూడా ముమ్మరంగా సాగుతుంది. పిడుదుల విషయంలో జనానికి చెప్పే జాగ్రత్తల్లో చాలా వాటిని వేటగాడు పాటించలేడు. అందుకే అతని రక్షణ అడవిలో ఎంత అప్రమత్తంగా ఉన్నాడన్న దాని మీద కంటే, బయల్దేరే ముందు బట్టలకు పట్టించిన మందు మీద, తిరిగొచ్చాక ఒళ్లు వెతుక్కోవడం మీద ఎక్కువగా నిలబడాలి.

పిడుదు ఎగరదు, దూకదు, చెట్టు మీది నుంచి నెత్తిన రాలిపడదు. తలలో పిడుదు దొరికితే పైనుంచి పడిందనుకుంటారు గానీ, చాలాసార్లు అది కాలి దగ్గర ఎక్కి పైకి పాకినదే. గడ్డిపోచ చివరో, పొద కొమ్మ మీదో వెనక కాళ్లతో పట్టుకుని, ముందు కాళ్లు చాపి ఎదురుచూడటం దాని పద్ధతి. ఆ ముందు కాళ్ల కొసన హాలర్ అవయవం అనే చిన్న గుంట ఉంటుంది. మనం వదిలే బొగ్గుపులుసు వాయువును, ఒంటి వేడిని, వాసనను అది పసిగడుతుంది. పెద్ద పిడుదులు సాధారణంగా మోకాలి ఎత్తు వరకే ఎక్కి కాచుకుంటాయి. పిల్ల పిడుదులు ఇంకా కింద, రాలిన ఆకుల తేమలో ఉంటాయి. పెద్ద ఆడపిడుదు నువ్వుగింజంత, పిల్ల పిడుదు గసగసాల గింజంత ఉంటుంది. ఒంటి మీదికి చేరిన పిడుదు వెంటనే కుట్టదు. మెత్తటి, మూసుకుని ఉన్న చోటు కోసం చాలాసేపు వెతుక్కుంటూ పాకుతుంది. మోకాలి వెనక, గజ్జలు, బెల్టు కింద, బొడ్డు, చంక, చెవి వెనక, జుట్టు మొదళ్లు దానికి ఇష్టమైన చోట్లు. అది పాకుతున్న ఈ వ్యవధే మనిషికి దొరికే మొదటి అవకాశం.

ఆరోగ్య శాఖల కరపత్రాల్లో కనిపించే సలహాలను వేటగాడి పనితో పక్కపక్కన పెట్టి చూస్తే ఇబ్బంది అర్థమవుతుంది. కాలిబాట నడుమ నడవమంటారు. వేటగాడు నడిచేది జింకలు తొక్కిన దారుల్లో, అంటే పిడుదులు అతిథుల కోసం కాచుకునే చోటే. రాలిన ఆకుల మీద, మొద్దుల మీద కూర్చోవద్దంటారు. వసంతకాలంలో టర్కీకోళ్ల వేటకు వెళ్లినవాడు చెట్టు మొదట్లో ఆకుల మీద చతికిలబడి, మానుకు వీపు ఆనించి గంటల తరబడి కదలకుండా కూర్చుంటాడు. లేతరంగు బట్టలు వేసుకుంటే పాకే పురుగు కనిపిస్తుందంటారు. అతను వేసుకునేది ఆకుల రంగు కలగలిసిన మచ్చల దుస్తులు. జింకల కాలంలో తోటి వేటగాళ్ల గుళ్లకు బలి కాకుండా చాలా రాష్ట్రాలు తప్పనిసరి చేసిన నారింజరంగు చొక్కాయి పైన ఉంటుంది గానీ, పిడుదు ఎక్కే కాళ్ల దగ్గర రంగు మారదు. అప్పుడప్పుడూ ఒళ్లు దులుపుకుని చూసుకోమనడం ఇంకా విడ్డూరం. కదిలితే వేట పోతుంది. ఇవి చెడ్డ సలహాలని కాదు, నడకకు వెళ్లేవాడికి మంచివే. ప్యాంటు అంచులు సాక్సులో దోపుకోవడం ఒక్కటి మాత్రం వేటగాడు కూడా సులభంగా చేయగలడు. దానివల్ల పురుగు బట్ట లోపలికి దూరకుండా బట్ట మీదుగా పైకి పాకాల్సి వస్తుంది.

ఇక్కడ మొదటి అభ్యంతరం వాతావరణం గురించి వస్తుంది. జింకల వేట చలికాలపు వ్యవహారం, పురుగులేమో ఎండాకాలపువి కదా అని. దోమల విషయంలో ఈ లెక్క సరిపోతుంది, నల్లకాళ్ల పిడుదు విషయంలో సరిపోదు. దాని పెద్దదశ అక్టోబరు, నవంబరు నెలల్లోనే విజృంభిస్తుంది. ఉష్ణోగ్రత 4 డిగ్రీల సెల్సియస్ దాటితే చాలు, అవి మళ్లీ గడ్డి మీదికి ఎక్కుతాయి. పెన్సిల్వేనియాలో తుపాకీతో జింకల వేట థాంక్స్‌గివింగ్ పండగ తరవాత మొదలవుతుంది. ఎండ కాసిన మధ్యాహ్నం ఉంటే అప్పుడు కూడా పిడుదులు తిరుగుతాయి. అయితే ఈ అభ్యంతరంలో ఒక నిజం ఉందని ఒప్పుకోవాలి. లైమ్ రోగుల్లో ఎక్కువమందికి లక్షణాలు జూన్, జులై నెలల్లో మొదలవుతాయి. అందుకు కారణం ఆ కాలపు పిల్ల పిడుదులు. గసగసాల గింజంత పురుగు కంటపడక రోజుల తరబడి ఒంటి మీదే ఉండిపోతుంది. శరత్కాలంలో కుట్టే పెద్ద పిడుదుల్లో సూక్ష్మజీవిని మోసేవి నిష్పత్తిలో ఎక్కువే, ఈశాన్యంలో పలుచోట్ల దాదాపు సగం. అయినా పరిమాణం వల్ల అవి త్వరగా దొరికిపోతాయి. జింకల వేటగాడికి ఒళ్లు వెతుక్కోవడంలో దక్కే ఫలితం ఎక్కువని దీన్నిబట్టి చెప్పుకోవచ్చు. మే నెలలో టర్కీకోళ్ల వేటకు వెళ్లేవాడికి ఆ వెసులుబాటు లేదు. అతను బట్టల మీది మందునే ఎక్కువ నమ్ముకోవాలి.

ఆ మందు పేరు పెర్మెత్రిన్. చామంతి జాతి పూల నుంచి తీసే పైరెత్రమ్‌కు కృత్రిమ రూపం ఇది. 1973లో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో మైకేల్ ఇలియట్ బృందం దీన్ని తయారుచేసింది. డీట్, పికారిడిన్ వంటి ఒంటికి రాసుకునే మందులు పురుగును దూరంగా ఉంచుతాయి. పెర్మెత్రిన్ పని వేరు. అది తాకిన పిడుదు నరాలు అదుపు తప్పుతాయి, కాళ్లు పట్టు వదులుతాయి, పురుగు రాలిపోతుంది లేదా చస్తుంది. రోడ్ ఐలండ్ విశ్వవిద్యాలయం వారు 2011లో ప్రచురించిన ప్రయోగంలో, ఈ మందు పట్టించిన బూట్లు, సాక్సులు వేసుకున్నవారికి పిడుదు కాటు అవకాశం మామూలువాటిని వేసుకున్నవారి కంటే 73.6 రెట్లు తక్కువని తేలింది. అది ప్రయోగశాల లెక్క. బయట పనిచేసేవారి మీద జరిగిన అధ్యయనాలు ఇంత గొప్పగా చెప్పవు. నార్త్ కరోలినాలో ఆరుబయట ఉద్యోగాలు చేసేవారి మీద జరిపి 2014లో ప్రచురించిన అధ్యయనంలో మందు పట్టించిన యూనిఫారాలు తొలి ఏడు కాట్లను 82 శాతం తగ్గించాయి, రెండో ఏడు 34 శాతమే. రోడ్ ఐలండ్, మసాచుసెట్స్‌లలో చేసి 2020లో వెలువడిన పరిశీలనలో తొలి ఏడు 65 శాతం, రెండో ఏడు 50 శాతం తగ్గుదల కనిపించింది. ఈ అంకెలను నిరాశగా చూడనక్కర్లేదు. అంతసేపు అడవిలో ఉన్నా, కొత్త జాగ్రత్తలేవీ గుర్తుపెట్టుకోనక్కర్లేకుండా, తొడుక్కున్న బట్ట సాధించిన ఫలితం అది. రెండో ఏడు రక్షణ తగ్గడాన్ని మాత్రం వేటగాడు గమనించుకోవాలి. ఇంట్లో స్ప్రే చేసుకున్న 0.5 శాతం మందు సుమారు ఆరు ఉతుకుల వరకే నిలుస్తుంది. ఫ్యాక్టరీలో పట్టించిన బట్టల మీద చాలా ఎక్కువకాలం ఉంటుంది గానీ శాశ్వతం కాదు. పోయినేడాది కొన్న మందు ప్యాంటు మీద ఈ ఏడాది గుడ్డి నమ్మకం పెట్టుకోకూడదు.

వాసన గురించి వేటగాళ్లకు పట్టింపు ఎక్కువ, అది న్యాయమైనదే. గాలివాటు చూసి కూర్చునేవాడు ఒంటికి మందు పూసుకుని జింక ముక్కుకు కబురు పంపడు. పైగా డీట్ కొన్ని రకాల ప్లాస్టిక్కులను, వార్నిష్ పూతలను కరిగిస్తుంది. చేతికి రాసుకుని విల్లు పట్టుకున్నా, తుపాకీ దూరదర్శిని తిప్పినా మరకలు తేలవచ్చు. పెర్మెత్రిన్ తడిగా ఉన్నప్పుడు వాసన వేస్తుంది, ఆరాక మనిషి ముక్కుకు తెలియదు. అందుకే వేటకు ముందే బట్టలను ఆరుబయట తీగ మీద వేలాడదీసి, తడిసేదాకా స్ప్రే చేసి, పూర్తిగా ఆరనివ్వాలి. బూట్లు, సాక్సులు, ప్యాంటు కింది భాగం అన్నిటికంటే ముఖ్యం. విషం సంగతి ఏమిటని అడిగేవారికీ జవాబు ఉంది. దీన్ని ఒంటికి పూసుకోకూడదు, బట్టకే పట్టించాలి. చర్మం గుండా లోపలికి చేరేది చాలా స్వల్పం, చేరినదాన్ని మనిషి శరీరం త్వరగా విరగ్గొట్టి బయటికి పంపేస్తుంది. పిల్లి శరీరానికి ఆ శక్తి లేదు. ఇంట్లో పిల్లి ఉంటే తడిబట్టల దగ్గరికి రానివ్వకూడదు. చేపలకు, తేనెటీగలకు కూడా ఇది ప్రాణాంతకం కాబట్టి వాగు పక్కన, పూలమొక్కల దగ్గర స్ప్రే చేయకూడదు.

ఇంటికొచ్చాక చేయాల్సిన పనికి ఆధారం పిడుదు తాగే తీరులో ఉంది. లైమ్ సూక్ష్మజీవి పిడుదు పేగులో ఉంటుంది. రక్తం లోపలికి వెళ్లాక అది మేల్కొని, లాలాజల గ్రంథులకు చేరి, అక్కణ్నుంచి మనిషి ఒంట్లోకి రావడానికి సాధారణంగా 24 గంటలకు పైనే పడుతుంది. కనెక్టికట్‌లో జరిగి 2009లో ప్రచురితమైన అధ్యయనంలో, బయట తిరిగొచ్చిన రెండు గంటల్లోగా స్నానం చేసేవారికి, 36 గంటల్లోగా ఒళ్లు వెతుక్కునేవారికి లైమ్ వ్యాధి తక్కువగా వచ్చింది. బట్టలను ముందు ఉతకడం తప్పు. తడిసిన పిడుదు చావకపోవచ్చు, పొడి వేడికి మాత్రం తట్టుకోలేదు. విప్పిన బట్టలను నేరుగా డ్రయ్యర్‌లో వేసి ఎక్కువ వేడి మీద పది నిమిషాలు తిప్పితే సరిపోతుంది. తడిసినవైతే గంటసేపు తిప్పాలి. వేటాడి తెచ్చిన జింక సంగతి కూడా ఉంది. కళేబరం చల్లబడేకొద్దీ దాని ఒంటి మీద ఇంకా కుట్టని పిడుదులు దిగిపోయి కొత్త ఒళ్లు వెతుక్కుంటాయి. దాన్ని భుజాన వేసుకోవడం, కారు సీటు మీద పడేయడం కంటే లాక్కెళ్లి ట్రక్కు వెనక పెట్టడం మేలు.

ఇరవై నాలుగు గంటల వ్యవధి ఉన్నప్పుడు మందు బట్టలెందుకు, రాత్రికి వెతుక్కుంటే చాలదా అన్న వాదన తెలివైనదే గానీ, అది ఒక్క లైమ్‌కే వర్తిస్తుంది. పొవాసన్ వైరస్ పావుగంటలోనే సోకవచ్చు. అదృష్టవశాత్తు అది చాలా అరుదు. పైగా సొంత వీపు, సొంత తల ఎవరికీ సరిగా కనిపించవు. అందుకే ఒకటి రెండోదానికి బదులు కాదు, మొదటిదాన్ని తప్పించుకున్న పురుగు కోసం రెండోది. పిడుదు కుట్టి ఉంటే సన్నమొన పట్టకారుతో చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టుకుని, తిప్పకుండా, నిదానంగా నిటారుగా లాగాలి. నోటి ముక్క చర్మంలో ఉండిపోతే కంగారు అక్కర్లేదు, అది తనంతట ఊడిపోతుంది. అగ్గిపుల్లతో కాల్చడం, కిరసనాయిలు పోయడం, వాసెలిన్ పూయడం మానుకోవాలి. పిడుదు తనంతట వదిలేదాకా కాచుక్కూర్చుంటే అది తాగే సమయం పెరుగుతుంది. నల్లకాళ్ల పిడుదు 36 గంటలకు పైగా పట్టి ఉందనిపిస్తే, తీసేసిన 72 గంటల్లోగా డాక్టరు సలహాతో ఒక్క మోతాదు డాక్సీసైక్లిన్, పెద్దలకు 200 మిల్లీగ్రాములు, వేసుకోవచ్చు. న్యూయార్క్ రాష్ట్రంలో జరిగి 2001లో వెలువడిన పరీక్షలో ఇది 87 శాతం రక్షణ ఇచ్చింది.

అసలు జింకలను ఎక్కువగా వేటాడితే పిడుదులే తగ్గవా అని వేటగాళ్లు అడుగుతారు. లైమ్ సూక్ష్మజీవిని పిడుదులకు అంటించేది ముఖ్యంగా తెల్లకాళ్ల ఎలుకలు. జింక దాన్ని అంటించదు, పెద్ద పిడుదులకు రక్తం మాత్రం పెడుతుంది. మెయిన్ తీరంలోని మోన్‌హెగన్ దీవిలో 1990ల చివర జింకలన్నిటినీ తొలగించాక కొన్నేళ్లకు ఈ పిడుదులు బాగా తగ్గిపోయాయి. కానీ అది సముద్రం చుట్టుముట్టిన చిన్న దీవి. పెద్ద భూభాగంలో జింకలను కొంత తగ్గించి చూసిన చోట్ల ఫలితాలు పొంతన లేకుండా వచ్చాయి. ఏడాదికో జింకను కొట్టే వేటగాడు తన కాళ్ల మీది పురుగుల లెక్కను దానివల్ల మార్చలేడు.

ఒంటరి చుక్క పిడుదు అనే మరో జాతి దక్షిణాన ఎక్కువగా ఉండి ఇప్పుడు ఉత్తరానికి పాకుతోంది. దీని కాటు తరవాత కొందరికి ఆల్ఫా-గాల్ అనే చక్కెర పడక, మేక, గొడ్డు, పంది, జింక మాంసాలు తిన్న కొన్ని గంటలకు దద్దుర్లు, ఊపిరాడకపోవడం వంటి తీవ్రమైన అలర్జీ వస్తుంది. అమెరికాలో 4,50,000 మంది వరకు దీని బారిన పడి ఉండవచ్చని 2023లో సీడీసీ అంచనా వేసింది. వేటాడిన జింకను వండుకు తినలేని వేటగాడికి ఇక వేటలో మిగిలేదేమిటో చెప్పక్కర్లేదు.

భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అడవికి వెళ్లేవారిని మాత్రం పిడుదులు ఇక్కడా వదలవు. కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో కోతులు చనిపోతుండగా 1957లో బయటపడ్డ క్యాసనూరు అడవి జ్వరం హీమాఫైసాలిస్ జాతి పిడుదుల ద్వారా సోకుతుంది. ఎండుటాకులు, వంటచెరకు ఏరుకునేవారు, పశువుల కాపరులు దానికి గురవుతారు. వారికి అక్కడ ఒంటికి పూసుకునే డీపా నూనె పంచుతారు. న్యూజెర్సీ, పెన్సిల్వేనియాలలో స్థిరపడ్డ తెలుగువారిలో వేటకు వెళ్లేవారు కొద్దిమందే అయినా, పైన చెప్పిన అడవి అంచుల్లోనే వారి ఇళ్లూ, వారాంతపు నడకలూ ఉన్నాయి. లైమ్ వ్యాధిలో చర్మం మీద వచ్చే మచ్చ సాధారణంగా కాటు పడ్డ 3 నుంచి 30 రోజుల్లో వస్తుంది. వైద్య పుస్తకాల్లో దాన్ని తెల్లని చర్మం మీద ఎర్రటి వలయంగా చూపిస్తారు. చామనఛాయ, నల్లని ఒంటి మీద అది ఎరుపుగా కనిపించకపోవచ్చు, ఊదారంగు మరకలాగో, కమిలిన దెబ్బలాగో ఉండి ఆలస్యంగా గుర్తింపుకు రావచ్చు. మచ్చ అసలు రానివారూ ఉంటారు. అమెరికా నుంచి హైదరాబాదుకో, విజయవాడకో వచ్చాక జ్వరం, కీళ్లనొప్పులు మొదలైతే, ఇక్కడి డాక్టరు ముందుగా డెంగీనో మలేరియానో అనుమానించడం సహజం. గత నెలలో ఏ రాష్ట్రంలో, ఏ అడవి పక్కన తిరిగారో, పిడుదు కనిపించిందో లేదో ముందే చెప్పాలి.