విమానాలలో పెంపుడు జంతువులు, సహాయక జంతువుల ప్రయాణ నియమాలు

విమాన ప్రయాణికులు తమ వెంట కుక్కలు, పిల్లులు, పక్షులు మొదలైన పెంపుడు జంతువులను, లేదా వికలాంగులకు తోడుగా ఉండే శిక్షణ పొందిన సహాయక జంతువులను తీసుకువెళ్ళుటకు విమానయాన సంస్థలు, ప్రభుత్వాలు విధించిన షరతులను ఈ నియమాలుగా పేర్కొంటారు. ఈ నియమాలు ముఖ్యంగా మూడు రకాలు. జంతువును విమానంలో ఎక్కడ, ఏ విధంగా ఉంచాలో నిర్ణయించేవి మొదటి రకం. వికలాంగ ప్రయాణికుల హక్కులను కాపాడేవి రెండవ రకం. జంతువుల ద్వారా రేబీస్ వంటి వ్యాధులు ఒక దేశం నుండి మరొక దేశానికి వ్యాపించకుండా అడ్డుకొనేవి మూడవ రకం. విమానయాన సంస్థ అంగీకరించినంత మాత్రాన జంతువును గమ్యదేశంలోనికి అనుమతిస్తారని చెప్పలేము. అందుచేత ప్రయాణికుడు ఈ మూడింటినీ విడివిడిగా పాటించవలసి ఉంటుంది.

పెంపుడు జంతువు, సహాయక జంతువుల మధ్య భేదం

చట్టం దృష్టిలో ఈ రెండూ వేర్వేరు. పెంపుడు జంతువును తీసుకువెళ్ళడం ప్రయాణికుని హక్కు కాదు. అది విమానయాన సంస్థ రుసుము తీసుకొని కల్పించే సౌకర్యం మాత్రమే. సంస్థ దానిని నిరాకరించవచ్చు, ఒక విమానంలో ఇన్ని జంతువులే అని పరిమితి విధించవచ్చు. సహాయక జంతువు విషయంలో పలు దేశాల చట్టాలు దానిని చక్రాల కుర్చీ వలె వికలాంగుని అవసరంగా గుర్తించినాయి. దానికి రుసుము ఉండదు. అది యజమాని పాదాల చెంతనే కూర్చొని ప్రయాణిస్తుంది.

సహాయక జంతువులలో అంధులకు దారి చూపే మార్గదర్శక శునకాలు, బధిరులకు శబ్దాలను తెలియజేసే శునకాలు, మూర్ఛ రాబోవడాన్ని లేదా రక్తంలో చక్కెర తగ్గడాన్ని గుర్తించి హెచ్చరించే శునకాలు, మానసిక వ్యాధులు కలవారికి నిర్దిష్టమైన పనులలో తోడ్పడే శునకాలు ఉన్నాయి. కేవలం దగ్గర ఉండడం వలన యజమానికి ఊరట కలిగించే జంతువును భావోద్వేగ ఊరట జంతువు అంటారు. దీనికి ప్రత్యేక శిక్షణ అవసరం లేదు. ఈ రెండవ తరగతి జంతువుల చుట్టూనే అమెరికాలో సుదీర్ఘమైన వివాదం నడిచింది.

విమానంలో జంతువును ఉంచే విధానాలు

పెంపుడు జంతువులను సాధారణంగా మూడు విధాలుగా తీసుకువెళ్తారు.

* క్యాబిన్‌లో: చిన్న కుక్కలను, పిల్లులను ముందు సీటు క్రింద పట్టే సంచిలో లేదా చిన్న పెట్టెలో ఉంచవలెను. ఐరోపాలోని పలు సంస్థలు సంచితో కలిపి 8 కిలోల బరువును గరిష్ఠ పరిమితిగా పాటిస్తున్నాయి. ప్రయాణమంతటా జంతువు సంచిలోనే ఉండాలి.
* వెంట వచ్చే సామానుగా: యజమాని ప్రయాణించే విమానంలోనే, క్రింది భాగంలోని సరుకు గదిలో గట్టి పెట్టెలో ఉంచుతారు.
* సరుకుగా: యజమానితో సంబంధం లేకుండా ప్రత్యేక రవాణా పత్రంపై పంపుతారు. పెద్ద కుక్కలను విదేశాలకు తరలించేటప్పుడు ఈ పద్ధతి ఎక్కువగా వాడుకలో ఉంది.

జంతువులను ఉంచే సరుకు గదిలో కూడా ప్రయాణికుల క్యాబిన్‌లో వలెనే గాలి పీడనాన్ని, తగిన ఉష్ణోగ్రతను నిలుపుతారు. జంతువు ఉన్నట్లు కెప్టెన్‌కు ముందుగా తెలియజేస్తారు. గాలిలో ఉన్న సమయం కంటే విమానం నేలపై ఆగి ఉన్న సమయంలోనే వేడి, చలి వలన ప్రమాదం ఎక్కువ. అమెరికాలోని జంతు సంక్షేమ చట్టం క్రింద రూపొందిన నియమాల ప్రకారం కుక్కలను, పిల్లులను విమానానికి చేర్చేటప్పుడు 7.2 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ లేదా 29.5 డిగ్రీల కంటే ఎక్కువ ఉష్ణోగ్రతలో 45 నిమిషాలకు మించి ఉంచరాదు. ఎనిమిది వారాలు నిండని, పాలు మానని పిల్లలను రవాణాకు స్వీకరించరాదు. వేసవి నెలలలో కొన్ని సంస్థలు సరుకు గదిలో జంతువులను అసలు అంగీకరించకపోవడానికి ఈ ఉష్ణోగ్రతయే కారణం.

పెట్టె కొలతలు

అంతర్జాతీయ వాయు రవాణా సంఘం (ఐయాటా) జీవజంతువుల రవాణా నియమావళిని ప్రతి సంవత్సరం సవరించి ప్రచురిస్తున్నది. చాలా విమానయాన సంస్థలు దీనినే అనుసరిస్తాయి. దీని ప్రకారం జంతువు పెట్టెలో సహజంగా నిలబడగలగాలి, వెనుకకు తిరగగలగాలి, పడుకోగలగాలి. పెట్టె కొలతలను క్రింది విధంగా లెక్కిస్తారు.

* పొడవు: ముక్కు కొన నుండి తోక మొదలు వరకు గల పొడవుకు, నేల నుండి మోచేతి కీలు వరకు గల ఎత్తులో సగం కలపాలి.
* వెడల్పు: భుజాల వెడల్పుకు రెండు రెట్లు.
* ఎత్తు: నిలబడినప్పుడు తల లేదా చెవుల కొన వరకు గల ఎత్తు, దీనికి లోపల పరచిన పరుపు మందం కలపాలి.

ఉదాహరణకు 60 సెంటీమీటర్ల పొడవు, మోచేతి వరకు 30 సెంటీమీటర్ల ఎత్తు, 20 సెంటీమీటర్ల భుజాల వెడల్పు గల కుక్కకు లోపలి పొడవు 75 సెంటీమీటర్లు, వెడల్పు 40 సెంటీమీటర్లు గల పెట్టె అవసరం. పొట్టి ముట్టె జాతులకు ఈ కొలతలపై మరో 10 శాతం పెంచాలి. పెట్టెకు గాలి రంధ్రాలు, వెలుపలి నుండి నింపగల నీటి గిన్నె, జీవజంతువు ఉన్నదని తెలిపే గుర్తులు తప్పనిసరి.

పొట్టి ముట్టె జాతులు

బుల్‌డాగ్, పగ్, బాక్సర్ వంటి కుక్కలకు, పర్షియన్ పిల్లులకు ముట్టె నొక్కుకొని ఉండడం వలన శ్వాసమార్గం ఇరుకుగా ఉంటుంది. కుక్కలు ప్రధానంగా రొప్పడం ద్వారానే శరీరాన్ని చల్లబరచుకొంటాయి కనుక ఈ జాతులు వేడిని, భయాన్ని తట్టుకోలేవు. అమెరికా రవాణా శాఖ 2010లో విడుదల చేసిన వివరాల ప్రకారం 2005 మే తరువాత ఆ దేశపు విమానయాన సంస్థలు నివేదించిన 122 కుక్కల మరణాలలో దాదాపు సగం పొట్టి ముట్టె జాతులవే. వీటిలో ఇంగ్లీష్ బుల్‌డాగ్‌లు 25, పగ్‌లు 11. ఈ కారణంగా పలు సంస్థలు ఈ జాతులను సరుకు గదిలోనికి అనుమతించడం లేదు.

ప్రయాణానికి ముందు జంతువుకు మత్తుమందు ఇవ్వడం మంచిదని కొందరు భావిస్తారు. అయితే మత్తుమందు వలన రక్తపోటు, శ్వాస తగ్గిపోయే అవకాశం ఉన్నందున పశువైద్య సంఘాలు దీనిని ప్రోత్సహించవు. మత్తులో ఉన్న జంతువును చాలా సంస్థలు స్వీకరించవు. దీనికి బదులు కొన్ని వారాల ముందు నుండే జంతువును పెట్టెకు అలవాటు చేయడం మేలని చెబుతారు.

అమెరికా చట్టం

1986లో అమెరికా సుప్రీంకోర్టు, 1973 నాటి పునరావాస చట్టంలోని వివక్ష నిషేధం ప్రభుత్వ ఆర్థిక సహాయాన్ని నేరుగా పొందే విమానయాన సంస్థలకు మాత్రమే వర్తిస్తుందని తీర్పు చెప్పింది. ఈ లోటును పూరించుటకు అదే సంవత్సరం అమెరికా కాంగ్రెస్ విమాన ప్రయాణ ప్రవేశ హక్కు చట్టాన్ని ఆమోదించింది. 2009 మే 13 నుండి ఈ చట్టపు నియమాలు అమెరికాకు వచ్చిపోయే విదేశీ సంస్థల విమానాలకు కూడా వర్తిస్తున్నాయి.

2003లో రవాణా శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు భావోద్వేగ ఊరట జంతువులను కూడా క్యాబిన్‌లోనికి అనుమతించినాయి. మానసిక వైద్య నిపుణుని లేఖ ఉంటే చాలు, రుసుము లేకుండా ప్రయాణించే వీలు కలిగింది. కాలక్రమంలో ఇట్టి లేఖలు అంతర్జాలంలో డబ్బుకు దొరకసాగినాయి. విమానయాన సంస్థల సంఘం అంచనా ప్రకారం ఈ తరగతి జంతువుల సంఖ్య 2016లో 4,81,000 ఉండగా 2017లో 7,51,000కు చేరింది. 2018 జనవరిలో నెవార్క్ విమానాశ్రయంలో ఒక ప్రయాణికురాలు నెమలిని ఊరట జంతువుగా తీసుకురాగా సంస్థ నిరాకరించిన సంఘటన ప్రపంచవ్యాప్తంగా వార్తలకెక్కింది.

2020 డిసెంబరులో రవాణా శాఖ కొత్త నియమాన్ని ప్రకటించింది. ఇది 2021 జనవరి 11 నుండి అమలులోనికి వచ్చింది. దీని ముఖ్యాంశాలు:

* వికలాంగుని కొరకు నిర్దిష్టమైన పని చేయుటకు శిక్షణ పొందిన కుక్క మాత్రమే సహాయక జంతువు. అది ఏ జాతిదైనా కావచ్చు. జాతిని బట్టి నిషేధించరాదు.
* మానసిక వ్యాధుల కొరకు శిక్షణ పొందిన కుక్కలకు ఇతర సహాయ శునకాలతో సమాన హోదా ఉంటుంది.
* భావోద్వేగ ఊరట జంతువులను సహాయక జంతువులుగా అంగీకరించవలసిన బాధ్యత సంస్థలకు లేదు. వాటిని పెంపుడు జంతువులుగా పరిగణించవచ్చు.
* కుక్క ఆరోగ్యం, నడవడి, శిక్షణలపై రవాణా శాఖ పత్రాన్ని పూరించి ఇవ్వవలసిందిగా కోరవచ్చు. 8 గంటలు లేదా అంతకు మించిన ప్రయాణానికి మలమూత్ర విసర్జన విషయమై మరొక పత్రం అడగవచ్చు.
* ఒక ప్రయాణికునికి రెండు సహాయ శునకాల వరకు పరిమితి విధించవచ్చు. అవి యజమాని ఒడిలో లేదా పాదాల చోటులో ఇమడాలి, పట్టీతో కట్టబడి ఉండాలి.

ఐరోపా

ఐరోపా సమాఖ్యలో 1107/2006 సంఖ్య గల నిబంధన క్రింద గుర్తింపు పొందిన సహాయ శునకాలను క్యాబిన్‌లో తీసుకువెళ్ళడం తప్పనిసరి. ఇది 2008 జూలై 26 నుండి పూర్తిగా అమలులో ఉంది.

పెంపుడు కుక్కలు, పిల్లులు, ఫెర్రెట్‌లకు 576/2013 సంఖ్య గల నిబంధన వర్తిస్తుంది. జంతువుకు మైక్రోచిప్ అమర్చి, 12 వారాల వయసు నిండిన తరువాత రేబీస్ టీకా వేయించి, మొదటి టీకా తరువాత 21 రోజులు వేచి ఉండాలి. భారతదేశం వంటి జాబితాలో లేని దేశాల నుండి వచ్చే జంతువులకు అదనంగా రక్త పరీక్ష అవసరం. టీకా వేసిన కనీసం 30 రోజుల తరువాత రక్తం తీసి, అందులో రేబీస్ ప్రతిరక్షకాలు మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లు ఉన్నట్లు చూపాలి. రక్తం తీసిన రోజు నుండి మూడు నెలలు ఆగాలి. అనగా హైదరాబాదు నుండి ఫ్రాంక్‌ఫర్ట్‌కు పిల్లిని తీసుకువెళ్ళదలచినవారు కనీసం నాలుగు నెలల ముందే సన్నాహాలు ప్రారంభించాలి.

బ్రిటన్‌లో ఒకప్పుడు ఆరు నెలల క్వారంటైన్ తప్పనిసరిగా ఉండేది. 2000 ఫిబ్రవరి 28న మొదలైన పెంపుడు జంతువుల ప్రయాణ పథకంతో దీనికి ప్రత్యామ్నాయం ఏర్పడింది. సహాయ శునకాలు మినహా ఇతర జంతువులు బ్రిటన్‌కు విమానంలో సాధారణంగా సరుకుగానే చేరుకోవలసి ఉంటుంది.

భారతదేశం

భారతదేశంలో 1937 నాటి విమాన నియమావళిలోని 24-సి నియమం జంతువులు, పక్షులు, సరీసృపాల రవాణాకు సంబంధించినది. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) వికలాంగ ప్రయాణికుల కొరకు జారీ చేసిన నిబంధనలలో శిక్షణ పొందిన శునకాలను క్యాబిన్‌లో అనుమతించే ఏర్పాటు కలదు. పెంపుడు జంతువుల విషయంలో నిర్ణయం ఆయా సంస్థలదే. ఎయిర్ ఇండియా చాలాకాలంగా వీటిని అంగీకరిస్తున్నది. ఆకాశ ఎయిర్ 2022 నవంబరు నుండి అంగీకరించసాగింది. సహాయ శునకాలను తప్ప ఇతర జంతువులను తీసుకువెళ్ళని సంస్థలు కూడా ఉన్నాయి.

విదేశాల నుండి వచ్చే జంతువులను జంతు క్వారంటైన్, ధ్రువీకరణ సేవా కేంద్రం తనిఖీ చేస్తుంది. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, హైదరాబాదులలో ఈ కేంద్రాలు ఉన్నాయి. ప్రయాణానికి ముందే ఈ కేంద్రం నుండి నిరభ్యంతర పత్రాన్ని పొందాలి. విదేశాలకు తీసుకువెళ్ళే జంతువుల ఆరోగ్య ధ్రువపత్రాలను కూడా ఈ కేంద్రాలే జారీ చేస్తాయి. 2022లో యుద్ధం కారణంగా ఉక్రెయిన్ నుండి తరలివచ్చిన భారతీయ విద్యార్థులు కొందరు తమ కుక్కలను, పిల్లులను వదలి రావడానికి ఇష్టపడలేదు. అప్పుడు కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక పరిస్థితిగా ఈ నిబంధనలను సడలించింది.

భారతదేశం నుండి అమెరికాకు కుక్కలు

అమెరికా తన భూభాగంలో కుక్కల ద్వారా వ్యాపించే రేబీస్ రకం నిర్మూలింపబడినట్లు 2007లో ప్రకటించింది. అది తిరిగి ప్రవేశించకుండుటకు ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రాలు (సీడీసీ) 2024 ఆగస్టు 1 నుండి కొత్త నియమాలను అమలు చేస్తున్నాయి. ఏ దేశం నుండి వచ్చినా కుక్కకు ఆరు నెలల వయసు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి, సీడీసీ దిగుమతి పత్రం పూరించాలి. భారతదేశం రేబీస్ ముప్పు అధికంగా గల దేశాల జాబితాలో ఉన్నందున, గత ఆరు నెలలలో ఇక్కడ ఉన్న కుక్కలకు టీకా ధ్రువపత్రం కూడా కావాలి. టీకా అమెరికాలో కాక వేరే దేశంలో వేయించినట్లయితే, సీడీసీ వద్ద నమోదైన జంతు సంరక్షణ కేంద్రం గల విమానాశ్రయంలోనే దిగి అక్కడ పరీక్ష చేయించాలి, మళ్ళీ టీకా వేయించాలి. ఆమోదిత ప్రయోగశాల ఇచ్చిన రక్త పరీక్ష ఫలితం లేనిచో 28 రోజులు అక్కడే క్వారంటైన్‌లో ఉంచుతారు. సహాయ శునకాలకు కూడా టీకా, వయసు నియమాల నుండి మినహాయింపు లేదు. అమెరికాలో నివసించే తెలుగువారు తమ కుక్కతో స్వదేశానికి వచ్చేటప్పుడు, అమెరికాలో వేసిన టీకాకు అక్కడి ప్రభుత్వ ధ్రువీకరణను బయలుదేరక ముందే పొందినచో తిరుగు ప్రయాణం సులభమవుతుంది. పిల్లులకు ఈ నియమాలు వర్తించవు.

గల్ఫ్ దేశాలలో డేగలు

అరబ్బు దేశాలలో డేగలతో వేట ప్రాచీన సంప్రదాయం. ఖతర్ ఎయిర్‌వేస్ ఎకానమీ తరగతి క్యాబిన్‌లో ఒక విమానానికి ఆరు డేగల వరకు అనుమతిస్తుంది. ఐక్య అరబ్ ఎమిరేట్స్ డేగలకు 2002 నుండి పాస్‌పోర్టులు జారీ చేస్తున్నది. అంతరించిపోతున్న జాతుల అక్రమ వ్యాపారాన్ని అరికట్టడమే ఈ పాస్‌పోర్టుల ఉద్దేశ్యం.

వివాదాలు

2018 మార్చిలో హ్యూస్టన్ నుండి న్యూయార్క్ వెళ్ళిన విమానంలో, సిబ్బంది సూచనపై సంచితో సహా తలపై సామాను అరలో ఉంచిన ఫ్రెంచ్ బుల్‌డాగ్ పిల్ల మరణించింది. జంతువులను ఆ అరలో ఉంచడాన్ని నిషేధించాలని అమెరికా సెనేట్‌లో బిల్లు ప్రవేశపెట్టబడింది.

సహాయ శునకాల విషయంలో వికలాంగుల సంఘాలలోనే భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. శిక్షణ లేని జంతువులు క్యాబిన్‌లో మార్గదర్శక శునకాలపై మొరిగి, మీదపడిన సందర్భాలు ఉన్నందున కఠిన నియమాలు అవసరమని కొందరు వాదిస్తారు. ప్రతి ప్రయాణానికి పత్రాలు పూరించడం వికలాంగులపై అదనపు భారమని, ఊరట జంతువు లేక ప్రయాణించలేని మానసిక రోగులకు అన్యాయం జరిగిందని మరికొందరు వాదిస్తారు. జంతువుల బొచ్చు సరిపడని ప్రయాణికుల ఇబ్బంది మరొక అంశం. అమెరికా నియమాల ప్రకారం అట్టి సందర్భంలో ఇద్దరినీ వీలైనంత దూరంగా కూర్చోబెట్టాలే తప్ప సహాయ శునకాన్ని నిరాకరించరాదు.

ఇవి కూడా చూడండి

* రేబీస్
* మార్గదర్శక శునకం
* క్వారంటైన్
* మైక్రోచిప్
* రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం