వరి మాగాణిలో మేత పైర్లు: డెల్టా చిన్న రైతు చరిత్ర

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. కాలువ నీరు చేరిన భూములు క్రమంగా వరి మాగాణులయ్యాయి. ఈ చరిత్రలో దిగుబడుల గురించి, శిస్తు గురించి చదువుతాం. పశువులు ఏం తిన్నాయని మాత్రం అరుదుగా అడుగుతాం. బీళ్లు తగ్గినకొద్దీ రెండెకరాల రైతుకు మేత కోసం విడిగా భూమి వదిలే వీలు లేకపోయింది. పనిచేసే ఎద్దుకు వట్టి ఎండుగడ్డి చాలదు.

జవాబు వరి చేలోనే దొరికింది. కోతకు కొద్ది రోజుల ముందు, నిలిచి ఉన్న పైరులోనే జనుము, పిల్లిపెసర విత్తనాలు వెదజల్లేవారు. దున్నే పని లేదు, తడి పెట్టే పని లేదు. నేలలో మిగిలిన పదును, రాత్రి మంచు చాలు. మెలకువంతా అదనులో ఉంది. నీరు నిలిచి ఉండగా చల్లితే విత్తనం కుళ్లుతుంది. మరీ ముందు చల్లితే మొలక నీడలో సన్నగా సాగి, కోత కూలీల కాళ్ల కింద నలుగుతుంది. ఆలస్యమైతే నల్లనేల బిగిసి నెర్రెలిస్తుంది, విత్తనం మొలవదు. పనలు చేలో ఎక్కువ రోజులు ఉన్నా వాటి కింద మొలక పాలిపోతుంది. ఇది పుస్తకం చూసి నేర్చిన విద్య కాదు. మడిలో కాలు పెట్టి పదును చూసే రైతుది.

జనుమును పూత దశలో కోసి, ఎండబెట్టి వామి వేసేవారు. వేసవిలో దాన్ని ఎండుగడ్డితో కలిపి పెట్టేవారు. రెండూ పప్పుజాతి పైర్లే కనుక నేలకూ సత్తువ చేరేది.

తరువాత ఆ పదునుకే మినుము పోటీ వచ్చింది. మినుము చేతికి డబ్బు తెచ్చింది. ట్రాక్టరు ఎద్దును తప్పించింది. గేదె మాత్రం ఇంటి దగ్గరే ఉంది. అందుకే మినుము చల్లే రైతు కూడా ఒక మూల కొన్ని సెంట్లు పిల్లిపెసరకు విడిచిపెట్టడం కనిపిస్తుంది.