నిమిషానికి 9 గుండ్లు.. 300 ఏళ్ల కిందటి 'పకిల్ గన్' కథ తెలుసా?

విజయవాడ నుంచి ఉయ్యూరు మీదుగా బందరు వెళ్లే రూట్ అందరికీ తెలిసిందే. ఆ దారి చివర ఉన్న బందరు కోట కోసం 1759లో ఫ్రెంచివాళ్లకు, ఇంగ్లీషువాళ్లకు పెద్ద యుద్ధమే జరిగింది. నెల రోజులు ముట్టడించినా కోట లొంగలేదు. మరోవైపు ఫ్రెంచివాళ్లకు సాయంగా సలాబత్ జంగ్ సైన్యం వచ్చేస్తోంది. ఇంగ్లీషు కమాండర్ ఫోర్డ్ దగ్గర మిగిలిన మందుగుండు రెండు రోజులకే సరిపోతుంది. దాంతో ఏప్రిల్ 7 రాత్రి ఆయన తెగించి దాడికి దిగి కోట పట్టేశాడు.

అప్పటి ఫిరంగి ఒక్కసారి పేలితే లోపల తుడవాలి, మందు కూరాలి, గుండు దించాలి, మళ్లీ నిప్పంటించాలి. అయితే ఈ యుద్ధానికి 41 ఏళ్ల ముందే లండన్‌లో ఒకాయన వరసపెట్టి పేలే తుపాకీకి పేటెంట్ తీసుకున్నాడు. పేరు జేమ్స్ పకిల్. వృత్తి రీత్యా ఈయన ఇంజినీర్ కాదు, సైనికుడూ కాదు.. నోటరీ లాయర్! 1718 మే 15న వచ్చిన ఆ పేటెంట్ నంబర్ 418.

అసలు ఇది ఎలా పని చేస్తుందంటే.. మూడు కాళ్ల స్టాండ్ మీద మూడు అడుగుల గొట్టం ఒక్కటే ఉంటుంది. దాని వెనక గుండ్రటి సిలిండర్. సిలిండర్‌లోని గదుల్లో ముందే మందు, గుండు నింపి ఉంచుతారు. ఒకటి పేలగానే వెనకున్న మరను వదులు చేసి, సిలిండర్‌ను చేత్తో తిప్పి, తర్వాతి గదిని గొట్టానికి ఎదురుగా తెచ్చి మళ్లీ బిగించాలి. అన్నీ అయిపోతే సిలిండర్ తీసేసి, నింపి ఉంచిన ఇంకోటి పెట్టడమే. మన సినిమాల్లో కనిపించే రివాల్వర్‌కు ఇది ముత్తాత అనుకోవచ్చు. గొట్టం వెడల్పు 32 మిల్లీమీటర్లే కాబట్టి దీన్ని పెద్ద ఫిరంగి అనలేం. ఓడల మీదికి ఎగబాకే శత్రువులను ఆపడమే దీని పని.

ఇందులో ఒళ్లు జలదరించే విషయం ఇంకోటుంది. క్రైస్తవ శత్రువులకైతే గుండ్రటి గుండ్లు, టర్కీ ముస్లింలకైతే పలకల గుండ్లు వాడాలని పేటెంట్‌లోనే రాసుకున్నాడు. పలకల గుండు గాయం ఎక్కువ చేస్తుందట. చావులోనూ మతం చూశాడన్నమాట.

1717లో బ్రిటిష్ ఆయుధాల బోర్డు దీన్ని పరీక్షించి వద్దంది. 1722లో వర్షంలోనే 7 నిమిషాల్లో 63 గుండ్లు పేల్చి చూపించారు. మామూలు తుపాకీతో సిపాయి నిమిషానికి రెండు మూడు సార్లు పేల్చడమే గొప్ప అనుకునే రోజులవి. అయినా కొనేవాళ్లు రాలేదు. చెకుముకి రాయి నిప్పును నమ్మలేం, ఆ మరలు చేయడం అప్పటి పనివాళ్లకు కష్టం. కంపెనీ పెట్టి షేర్లు అమ్మితే, ఈ తుపాకీతో గాయపడేది షేర్లు కొన్నవాళ్లేనని జనం జోకులేశారు!

మన దగ్గరా ఇలాంటి ప్రయత్నం ఇంకా ముందే జరిగింది. ఒకే వత్తితో 17 గొట్టాలు పేలే తుపాకీ అక్బర్ దగ్గర ఉండేదని 'ఐనీ అక్బరీ' చెబుతోంది. బీజాపూర్ నుంచి 1583లో అక్బర్ కొలువుకు వెళ్లిన ఫతుల్లా షిరాజీ దాన్ని చేశాడని అంటారు. ఒకేసారి 16 తుపాకీ గొట్టాలను శుభ్రం చేసే చక్రం కూడా అక్కడ ఉండేది. దాన్ని తిప్పేది పశువే.. ఉయ్యూరు వైపు పాతతరం వాళ్లకు చెరకు గానుగ గుర్తుకు రాక మానదు.

పకిల్ తుపాకులు రెండింటిని మాంటెగ్యూ డ్యూక్ కరీబియన్ దీవుల యాత్ర కోసం కొన్నాడు. యాత్ర ఫెయిలైంది. ఆ కుటుంబానికి చెందిన బౌటన్ హౌస్, బ్యూలీ భవనాల్లో అసలు పకిల్ తుపాకులు ఇప్పటికీ ఉన్నాయి. బ్యూలీకి దగ్గర్లోని బక్లర్స్ హార్డ్ మ్యూజియంలో నమూనా చూడొచ్చు.