కాలేజీ పేరున సభ్యత్వం: ఆమడగూరు వైపు నుంచి ఐఎస్‌టీఈని చూస్తే

ఆమడగూరు మండలంలో ఇంజనీరింగ్ కాలేజీ లేదు. పది పాసై పాలిసెట్ రాసినా, ఇంటర్ అయ్యాక ఈఏపీసెట్ రాసినా, ఇక్కడి పిల్లలు ఓడీసీ మీదుగా కదిరికో, గోరంట్ల మీదుగా హిందూపురానికో, పుట్టపర్తికో పోవాల్సిందే. ర్యాంకును బట్టి, ఇంట్లో ఉన్న డబ్బును బట్టి అనంతపురం, మదనపల్లె, బెంగళూరు కూడా లెక్కలోకి వస్తాయి. వానను నమ్ముకుని వేరుశనగ వేసే ఊళ్లు ఇవి. పాత అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఇలాంటి చోటి నుంచి వెళ్లే విద్యార్థికి, తాను చేరబోయే కాలేజీ ఒక వృత్తి సంఘంలో సభ్యసంస్థ అన్న సంగతి ప్రాస్పెక్టస్ చివరి అట్ట మీద లోగోగా కనబడుతుంది. ఏఐసీటీఈ, యూనివర్సిటీ లోగోల పక్కన మూడోదో నాలుగోదో. ఆ లోగోను కాలేజీ ఎందుకు కొనుక్కుంది, దాని ఫలం ఎవరిదాకా చేరుతోంది అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

పరిశీలనకు తీసుకున్నది ఇండియన్ సొసైటీ ఫర్ టెక్నికల్ ఎడ్యుకేషన్, అందరి నోటా ఐఎస్‌టీఈ. ఢిల్లీ ఐఐటీ ప్రాంగణంలో కేంద్ర కార్యాలయం ఉన్న ఈ సంఘంలో అధ్యాపకులు జీవిత సభ్యులుగా చేరతారు, కాలేజీలు, పాలిటెక్నిక్‌లు సంస్థాగత సభ్యులుగా చేరతాయి. కాలేజీలో అధ్యాపకులకు ఒక చాప్టర్, విద్యార్థులకు ఒక చాప్టర్ పెట్టుకోవచ్చు. నా వాదన ఇది: సంస్థాగత సభ్యత్వం పుట్టుకతోనే ప్రిన్సిపాళ్ల ఏర్పాటు. గుర్తింపు మార్కుల విధానం వచ్చాక అది ఫైలులో కాగితంగా మిగిలింది. అయినా మధ్యలో కొన్నేళ్లు అదే సంఘం పేరు చిన్న ఊరి అధ్యాపకుడికి నిజంగా పనికొచ్చింది. ఆ కొన్నేళ్లలో జరిగినదేమిటో చూస్తే, సభ్యత్వం ఎప్పుడు పనిచేస్తుందో తెలుస్తుంది.

పుట్టుక దగ్గరికి వెళ్దాం. ఐఎస్‌టీఈకి మూలం 1941లో ఏర్పడిన అసోసియేషన్ ఆఫ్ ప్రిన్సిపల్స్ ఆఫ్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూషన్స్. అప్పటికి దేశంలో రూర్కీ, గిండీ, శిబ్‌పూర్, పూనా లాంటి పాత కాలేజీలు, వాటి పక్కన మరికొన్ని కొత్తవి ఉన్నాయి. ప్రిన్సిపాళ్లందరినీ ఒక గదిలో కూర్చోబెట్టడం కష్టమేమీ కాని రోజులు. కాలేజీ తరఫున మాట్లాడే హక్కు ప్రిన్సిపాలుకు ఉంది కాబట్టి ఆయన చేరితే కాలేజీ చేరినట్టే. 1968లో ఆ సంఘం ఐఎస్‌టీఈగా మారి అధ్యాపకులకూ తలుపు తెరిచింది. గది పెద్దదైంది గానీ పెద్దకుర్చీ ఎవరిదన్న అలవాటు పూర్తిగా పోలేదు. ఈనాటికీ సంస్థాగత సభ్యత్వపు ఉత్తరప్రత్యుత్తరాలు నడిచేది ప్రిన్సిపాలు సంతకంతోనే.

అమెరికాలో దారి వేరు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శన సందర్భంగా జరిగిన ఇంజనీరింగ్ మహాసభలో, బోధన గురించి మాట్లాడుకున్న అధ్యాపకులే ఒక సంఘం పెట్టుకున్నారు. అది 1946లో అమెరికన్ సొసైటీ ఫర్ ఇంజనీరింగ్ ఎడ్యుకేషన్‌గా పేరు మార్చుకుంది. అక్కడ పాఠం చెప్పేవాళ్లు ముందు కూడారు. మన దగ్గర కాలేజీ నడిపేవాళ్లు ముందు కూడారు. వలస పాలనలో సాంకేతిక విద్య ప్రజాపనుల శాఖకు మనుషులను తయారుచేసే ఏర్పాటుగా మొదలైంది గనుక ఇందులో వింతేమీ లేదు.

ఈ సంఘం పుట్టిన 1941లో, ఈ ప్రాంతానికి ఇంజనీరింగ్ కాలేజీయే లేదు. హైదరాబాదులో ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ 1929 నుంచి ఉన్నా అది నిజాం రాజ్యం సంగతి. మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలకు 1946లో రెండు కాలేజీలు మంజూరయ్యాయి. ఒకటి కాకినాడలో స్థిరపడింది. రెండోది అనంతపురానిది. అయితే అది మొదట గిండీ ప్రాంగణంలోనే నడిచి, 1948లో గానీ అనంతపురం చేరలేదు. సీమ పేరున వచ్చిన కాలేజీ రెండేళ్లు మద్రాసులో నడవడం చరిత్రలో చిన్న వివరమే కావచ్చు. కానీ వసతి ఉన్నచోటే చదువు నిలుస్తుందన్న నిజానికి దాన్ని మించిన సాక్ష్యం అక్కర్లేదు. 1972లో జేఎన్‌టీయూ ఏర్పడినప్పుడు ఈ కాలేజీ అందులో కలిసింది. 2008లో జేఎన్‌టీయూ అనంతపురం విడిగా యూనివర్సిటీ అయింది. హిందూపురం, పుట్టపర్తి, కదిరి వైపు ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలకు అనుబంధం ఇచ్చేది ఈ యూనివర్సిటీయే.

ప్రైవేటు కాలేజీలు పెరిగి, ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చి, సీట్ల సంఖ్య మారిపోయిన కథ అందరికీ తెలిసిందే. మన విషయానికి అందులో కావలసింది ఒక్కటే: గుర్తింపు. 1994లో ఏఐసీటీఈ కింద ఏర్పడి, 2010లో స్వయంప్రతిపత్తి పొందిన నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్, మనదేశాన్ని 2014 జూన్‌లో వాషింగ్టన్ ఒప్పందంలో శాశ్వత సభ్యదేశంగా నిలబెట్టింది. ఆ తర్వాత కాలేజీలు నింపాల్సిన స్వీయ మదింపు నివేదిక, అంటే ఎస్‌ఏఆర్, కొత్త రూపు దిద్దుకుంది. యూనివర్సిటీ అనుబంధ కాలేజీల కోసం 2015లో వచ్చిన టైర్-2 నమూనా తీసుకుని చూడండి. మొత్తం 1000 మార్కులు. నాలుగో ప్రమాణం విద్యార్థుల ప్రతిభ, 150 మార్కులు. అందులో 4.6 వృత్తి కార్యకలాపాలు, 20 మార్కులు. ఆ 20లో వృత్తి సంఘాలు, వాటి చాప్టర్లు, ఇంజనీరింగ్ కార్యక్రమాల నిర్వహణకు 5. సాంకేతిక పత్రికలు, న్యూస్‌లెటర్లకు 5. ఇతర కాలేజీల పోటీల్లో విద్యార్థులు పాల్గొన్నందుకు 10.

వెయ్యికి అయిదు. అర శాతం.

ఈ అయిదు మార్కుల చుట్టూ కాలేజీలో ఏం జరుగుతుందో ఆ రంగంలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఎన్‌బీఏ బృందం రావడానికి ముందు క్రైటీరియన్-4 బాధ్యుడి బల్ల మీద బాక్స్ ఫైలు ఉంటుంది. అందులో ఐఎస్‌టీఈ సభ్యత్వ ధ్రువపత్రం జిరాక్సు, ప్రిన్సిపాలు సర్క్యులర్, అతిథి ఉపన్యాసానికి పంపిన ఆహ్వానం, పిల్లల సంతకాల షీటు, చివర ఫొటోలు. ఫొటోలో బ్యానర్ తప్పకుండా కనబడాలి, బ్యానర్ మీద తేదీ కనబడాలి. అతిథి ఏం మాట్లాడాడన్న పేజీ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఈ ఫైలు అబద్ధమని నేననను. ఆ రోజు ఉపన్యాసం జరిగే ఉంటుంది. కానీ నివేదిక అడిగేది చాప్టర్ ఉందా, కార్యక్రమం జరిగిందా అని మాత్రమే. పక్క కాలేజీ అధ్యాపకులు వచ్చారా, ఉపన్యాసం తర్వాత ల్యాబ్‌లో ఏదైనా మారిందా అని అడిగే గడి లేదు. గడి లేని పనికి ఏ కాలేజీ అయినా ఎందుకు ఖర్చుపెడుతుంది?

అధ్యాపకుడి వైపు నుంచి చూస్తే ఇదే సభ్యత్వం ఇంకోలా కనిపిస్తుంది. మన కాలేజీల్లో స్టాఫ్‌రూమ్ బయట పేర్ల బోర్డు చదివితే ఎం.టెక్. పక్కన ఎం.ఐ.ఎస్.టి.ఇ. అని చాలాచోట్ల ఉంటుంది. బయోడేటాలో ఎల్‌ఎం నంబరు, అంటే జీవిత సభ్యత్వ సంఖ్య, ఉంటుంది. ఒక్కసారి రుసుము కడితే జీవితాంతం తనదే. ఈ తేడా చిన్నది కాదు. ప్రైవేటు కాలేజీ అధ్యాపకుడు ఒకచోట పాతుకుపోయే మనిషి కాడు. హిందూపురంలో రెండేళ్లు, కదిరి వైపు ఒక ఏడాది, జీతం కాస్త ఎక్కువిస్తే మదనపల్లె. ఎల్‌ఎం నంబరు అతని వెంట పోతుంది. కాలేజీ సభ్యత్వం గోడ మీదే ఉండిపోతుంది. చాప్టర్‌ను నిజంగా నడిపిన ఒకరిద్దరు వెళ్లిపోతే దాని కోడ్ నంబరు తప్ప ఏమీ మిగలదు. కాలేజీని శాశ్వతమనీ మనిషిని తాత్కాలికమనీ అనుకుని కట్టిన ఏర్పాటు ఇది. 1941 నాటి ప్రభుత్వ కాలేజీలకు ఆ లెక్క సరిపోయేది.

ఇక పనికొచ్చిన కాలం. 2009లో కేంద్ర ప్రభుత్వం ఐసీటీ ద్వారా విద్య అన్న జాతీయ మిషన్ మొదలుపెట్టాక, బొంబాయి ఐఐటీలో ప్రొఫెసర్ దీపక్ ఫాటక్ నాయకత్వంలో రెండువారాల ఐఎస్‌టీఈ వర్క్‌షాపులు నడిచాయి. తర్వాత ఖరగ్‌పూర్ ఐఐటీ కూడా కలిసింది. ఇదే పదివేల మంది ఉపాధ్యాయుల శిక్షణగా, టీ10కేటీ పేరుతో పెరిగింది. పద్ధతి చెప్పుకోదగ్గది. దేశమంతటా కొన్ని ఇంజనీరింగ్ కాలేజీలను రిమోట్ సెంటర్లుగా ఎంచుకున్నారు. ఒక్కో కేంద్రం నుంచి సమన్వయకర్త ముందే ఐఐటీకి వెళ్లి శిక్షణ పొంది వచ్చేవారు. అసలు వర్క్‌షాపులో పాఠాలు ఎ-వ్యూ అనే సాఫ్ట్‌వేర్ మీద ప్రత్యక్షంగా వచ్చేవి. ల్యాబ్, ట్యుటోరియల్ మాత్రం ఆ కేంద్రంలోనే, ఆ సమన్వయకర్త చేతుల మీదుగా. చేతికొచ్చే సర్టిఫికెట్ మీద ఐఎస్‌టీఈ పేరు.

ఇందులో సభ్యత్వ రుసుము చేసిన పని తక్కువేనని ఎవరైనా అనవచ్చు. డబ్బు కేంద్రానిది, పాఠం ఐఐటీది, అంగీకరిస్తాను. అయితే ఆ నమూనా ఒక విషయం తేల్చింది: కేంద్రంగా ఉన్న కాలేజీ తన తలుపు చుట్టుపక్కల కాలేజీల అధ్యాపకులకు తెరవాలి. అక్కడ కాలేజీకి దక్కింది హోదాకన్నా బాధ్యత. ప్రోగ్రామింగ్ కొత్తగా చెబుతున్న ఒక లెక్చరర్ పది కాలేజీల తోటివాళ్లతో కలిసి ల్యాబ్‌లో కూర్చుని, తన సందేహాన్ని పక్కవాడికి చెప్పుకోవడం చాలామందికి ఉద్యోగ జీవితంలో అదే మొదటిసారి అయ్యుంటుంది. ఎదురెదురు ప్రకటనలతో అడ్మిషన్ల కోసం కొట్లాడుకునే కాలేజీల మధ్య ఇది తేలిక విషయమేమీ కాదు.

ఇప్పుడు ఆ పని కూడా చేయి మారింది. కొత్తగా చేరిన అధ్యాపకుల కోసం ఏఐసీటీఈ తీసుకొచ్చిన ఎనిమిది మాడ్యూళ్ల ఎన్ఐటీటీటీ కోర్సును చెన్నైలోని ఎన్ఐటీటీటీఆర్ స్వయం వేదిక మీద నడుపుతోంది. అటల్ అకాడమీ వారం రోజుల ఫ్యాకల్టీ శిక్షణలు ఇస్తోంది. నియంత్రణ సంస్థే నేరుగా పాఠం చెప్పడం మొదలుపెట్టాక, శిక్షణ ఇస్తామని చెప్పి సంఘం కాలేజీని పిలవలేకపోతోంది. మరోవైపు ఐయూసీఈఈ ఉంది. 2007లో మైసూరు ఇన్ఫోసిస్ ప్రాంగణంలో భారత, అమెరికా విద్యావేత్తలు కూడిన సమావేశం నుంచి, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం (లోవెల్) ప్రొఫెసర్ కృష్ణ వేదుల చొరవతో నడిచిన సంస్థ అది. అందులో కాలేజీలు సభ్యులుగా రుసుము కట్టి, అధ్యాపకులకు బోధన సర్టిఫికెట్ కోర్సులు, విద్యార్థులకు సదస్సులు పొందుతాయి. రుసుముకు ఏం వస్తుందో లెక్క స్పష్టంగా ఉంటుంది, కానీ ఆ లెక్క కట్టగలిగిన కాలేజీలకే. ఆమడగూరు పిల్లవాడు చేరే పాలిటెక్నిక్ దాకా అది రావడం కష్టం.

అలాగైతే ఐఎస్‌టీఈ సంస్థాగత సభ్యత్వానికి ఇంకా మిగిలిన పని ఏమిటి? నా దృష్టిలో అది ప్రాంతంలోనే ఉంది, ఢిల్లీలో లేదు. పెనుకొండ మండలం ఎర్రమంచిలో ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యంతో కియా కర్మాగారం 2019 నుంచి నడుస్తోంది. ధర్మవరంలో పట్టుమగ్గాల మీద జాకార్డ్ కార్డులు ఇప్పటికీ చేత్తో సర్దేవాళ్లున్నారు, కంప్యూటర్‌లో డిజైన్ గీసేవాళ్లూ ఉన్నారు. ఈ రెండూ ఒకే జిల్లాలో, గంటాగంటన్నర ప్రయాణంలో ఉన్నాయి. ఒక్క కాలేజీ మెకానికల్ శాఖ మగ్గం మీద ప్రాజెక్టు చేస్తే రిపోర్టు బైండు చేసి లైబ్రరీలో పెడతారు. మరుసటి ఏడాది ఇంకో కాలేజీ అదే మొదటి నుంచి మొదలుపెడుతుంది. పాలిటెక్నిక్ డిప్లొమా వాళ్లు ఈసెట్‌తో రెండో సంవత్సరం బీటెక్‌లోకి వస్తే, అక్కడి అధ్యాపకుడికి ఇక్కడి అధ్యాపకుడు తెలియనే తెలియడు. నాలుగైదు సభ్యసంస్థలు కలిసి ఏడాదికి రెండుసార్లు, ఒకసారి హిందూపురంలో, మరోసారి కదిరిలోనో ధర్మవరంలోనో కూర్చుంటే, రావాల్సిన మొదటివాళ్లు పాలిటెక్నిక్ లెక్చరర్లు.

దానికి నిబంధనలు మార్చాల్సింది కొంచెమే. సభ్యసంస్థ తరఫున ప్రిన్సిపాలుతో పాటు అయిదేళ్ల లోపు అనుభవమున్న అధ్యాపకుడు ఒకరిని నామినేట్ చేయమని సంఘం అడగవచ్చు. చాప్టర్ వార్షిక నివేదికలో, బయటి కాలేజీల నుంచి ఎందరు వచ్చారన్న గడి ఒకటి చేర్చవచ్చు. 2015 నమూనా 4.6లో వృత్తి సంఘాల చాప్టర్లకు ఇచ్చిన 5 మార్కులను ఎన్‌బీఏ పెంచనక్కర్లేదు. ఆ అయిదులో రెండు, చాప్టర్ ఉన్నందుకు కాకుండా పక్క కాలేజీతో కలిసి చేసిన పనికి ఇస్తే, ఫైళ్ల కోసం ఫొటోలు తీసే కాలేజీలే కదిరికి బస్సు పంపుతాయి.