అవ్వ వేళ్ళు, పారిస్ ఆసుపత్రి

మా మిడుతూరులో కీళ్ళనొప్పుల ముసలివారు ఎందరున్నా నా కళ్ళలో మెదిలేవి మా అవ్వ చేతులే. వేళ్ళన్నీ ఒక పక్కకు ఒరిగిపోయాయి. పొద్దున లేవగానే పిడికిలి పట్టు చిక్కేది కాదు. అయినా జొన్నరొట్టె తట్టడం మానలేదు. తాతకు మోకాళ్ళు నొస్తే మంచం దిగేవాడు కాదు. ఇద్దరిదీ ‘వాతమే’ అనేవారు ఊళ్ళో.

ఈ కలగాపులగం మనకే చెందినది కాదు. ముట్లుడగని స్త్రీకి గౌట్ రాదని ప్రాచీన గ్రీకు వైద్యుల మాట. ఐరోపాలో అది బాగా తిని తాగే ధనిక పురుషుల జబ్బుగా పేరుపడింది. 1800లో పారిస్‌లో లాండ్రె-బోవె అనే యువవైద్యుడు సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో తొమ్మిదిమంది రోగులను వర్ణించాడు. అందరూ స్త్రీలే! అయినా దానిని గౌట్‌లోనే ఒక రకమన్నాడు, పాపం. ‘రుమటాయిడ్ ఆర్థ్రైటిస్’ అన్న వేరు పేరు 1859లో గారడ్ పెట్టాడు. ఒక పురుషునికి ఇద్దరు ముగ్గురు స్త్రీల చొప్పున ఇది వస్తుందని నేడు తెలుసు. వెన్నెముకను బిగించే ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్‌ది తిరగబడ్డ కథ: మగవారి జబ్బని ముద్రపడి, స్త్రీలలో గుర్తించడం ఆలస్యమైంది.

మందు సంగతిలో మాత్రం మనవారొకరున్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలు నడిపిన లెడర్లీ సంస్థలో, 1940లలో, క్యాన్సరుకోసం మెథోట్రెక్సేట్ పుట్టింది. కీళ్ళకు దానిని అమెరికా అనుమతించింది 1988లో. బిడ్డను కనదలచిన స్త్రీ దానిని ముందే ఆపాలి. నొప్పో, బిడ్డో అన్న లెక్క ఆమె ముంగిట పడుతుంది.

అవ్వ దాకా ఆ మాత్ర రాలేదు. చివరికి రొట్టె తట్టే పని మా అమ్మ చేతికి వచ్చింది.