భాషయా? సాహిత్యమా?

అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఉన్నత పాఠశాల పైతరగతులకు వచ్చిన విద్యార్థియెదుట నేడు రెండు ఆంగ్ల పాఠ్యక్రమములు నిలుచుచున్నవి. రెండును ‘అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్’ అను కళాశాలస్థాయి చదువులోనివే. ఒకదానిలో భాషయు రచనయు, రెండవదానిలో సాహిత్యమును రచనయు బోధింతురు. ఏది తీసికొందునని పిల్లవాడు అడుగగా, తల్లిదండ్రులు, అచ్చట కాపురమున్న మన తెలుగువారును, దేనిలో మార్కులెక్కువ వచ్చును, దేనివలన కళాశాల రుసుము మిగులును అని విచారింతురు. ఈ విచారణ తప్పుకాదు. కాని రెండు త్రోవలును చీలినచోటు చూడక త్రోవ నెంచుకొనుట మేలుగాదు.

పూర్వము అచ్చటి కళాశాలలలో చేరగోరువారికి గ్రీకు, లాటిను, గణితములే ముఖ్యములు. మాతృభాష ఇంటనే వచ్చునుగదా, దానికి పరీక్షయేల యని పండితుల తలంపు. (ఈ తలంపు మన పండితులకును క్రొత్తది కాదు.) అయితే వచ్చిన విద్యార్థులకు నాలుగు వాక్యములు దోషము లేకుండ వ్రాయుట చేతగాదని హార్వర్డు ఉపాధ్యాయులు గ్రహించిరి. 1874వ సంవత్సరపు ప్రవేశపరీక్షకు షేక్స్పియరు నాటకములు కొన్ని, గోల్డుస్మిత్తు నవల యొకటి, స్కాటు ‘ఐవన్హో’ మొదలగు గ్రంథములను ముందుగా తెలిపి, వానినుండి గ్రహించిన యొక విషయముపై చిన్న వ్యాసము వ్రాయవలెనని విధించిరి. వారు చూడదలచినది వర్ణక్రమమును, వ్యాకరణమును, భావప్రకటనమును మాత్రమే. గ్రంథములు వ్రాతకు ఆలంబనముగా వచ్చినవి. కాని పాఠశాలలలో జరిగినది వేరు. పరీక్షలో రాబోవు గ్రంథమునే ఉపాధ్యాయుడు ఏడాదిపొడుగున చెప్పసాగెను. సాధనముగా వచ్చినది సాధ్యమై కూర్చుండెను.

ఒక్కొక్క కళాశాల యొక్కొక్క పట్టిక ప్రకటించుటచే పాఠశాలలు పడిన యిక్కట్టు ఇంతంత కాదు. 1900లో కాలేజీ బోర్డు ఏర్పడి, మరుసటి యేడు 973 మందికి ఉమ్మడి పరీక్ష జరిపెను. పిమ్మట అర్ధశతాబ్దమునకు, పాఠశాల చివరి యేండ్లలో చదివినదే కళాశాల మొదటి యేండ్లలో మరల చదువవలసి వచ్చుచున్నదని మూడు పాఠశాలలును, హార్వర్డు, యేలు, ప్రిన్స్‌టనులును కలిసి 1952లో నివేదించెను. దాని ఫలముగానే 1956లో బోర్డువారి క్రొత్త పరీక్షకు 104 పాఠశాలలనుండి 1,229 మంది కూర్చుండిరి. ఆంగ్లమున రచన సాహిత్యమును విడువకయే యుండెను. 1980లో గాని భాషకు వేరు పరీక్ష రాలేదు.

ఈ క్రొత్తదానిలో కథలు, కావ్యములు కావు. ఉపన్యాసములు, లేఖలు, వాదవ్యాసములు ప్రధానములు. వక్త యేమి చెప్పెను అనుటకంటె, వినువారిని ఎట్లు ఒప్పించెను అని విచారింతురు. 2007 మొదలు పలు ఆధారములను సరిపోల్చి తన పక్షమును నిలువబెట్టుమను ప్రశ్నయు చేరినది. సామాన్యముగా పదునొకండవ తరగతిలో దీనిని, పండ్రెండవ తరగతిలో సాహిత్యమును తీసికొందురు; తీరిక గలవారు రెండును చదువుదురు.

మార్కుల లెక్కనుబట్టి, వచ్చినదానినే మరల నెంచుకొనుట నాకు సమ్మతముగాదు. ఇంటిలో నవలలను నమలివేయుచు, ఒక మాటకు హేతువు చూపుమన్న తెల్లబోవు పిల్ల భాషాక్రమమునందు చేరవలెను. వాదమున దిట్టయై, పదునాలుగు పాదముల పద్యమువద్ద పదినిమిషములు నిలువలేని బాలునికి సాహిత్యమే తగును. విజ్ఞానశాస్త్రము చదువబోవువానికి సాహిత్యమెందులకని పలుకు తండ్రులు ఈ రెండవవానిని తఱచుగా కనిపెట్టరు. రుసుము మాటకు వత్తుమా, కొన్ని కళాశాలలు రెండు పరీక్షలకును ఒకే ప్రథమ సంవత్సర రచనాపాఠమును మినహాయించును; అట్టిచోట రెండవదానివలన కాసు మిగులదు. ఈ సంగతి చేరదలచిన కళాశాలనే ముందుగా అడిగి తెలిసికొనవలెను.

హార్వర్డువారి పాత ప్రశ్న నేటికిని సాహిత్యపరీక్ష మూడవ వ్యాసములో బ్రదికియున్నది. కాని యిప్పుడు గ్రంథమును బోర్డు విధింపదు. కొన్ని పేర్లు చూపినను, తాను చదివి మెచ్చిన మఱియొకదానిని విద్యార్థి గైకొనవచ్చును.